సందేహాలు – సమాధానాలు: బోర్డు పోయిందనే ముందు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా మనూర్, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చాయి. అక్కడ డీటీపీ సెంటర్లోనో, ఆన్‌లైన్ సర్వీసుల షాపులోనో ఉండే కంప్యూటర్ చాలావరకు సెకండ్ హ్యాండ్‌దే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి, వాడిన మదర్‌బోర్డు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నవాళ్లు నాకు ఎంతోమంది తెలుసు. అది మొరాయిస్తే మళ్లీ నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం, ఒకరోజు షాపు మూత. అందుకే ‘బోర్డు పోయింది’ అనే మాట తేలిగ్గా అనకూడదని నా పట్టుదల. అలా పక్కన పడేసిన బోర్డులను ముందేసుకుని చూస్తే, చాలాసార్లు పోయింది బోర్డు కాదు, దాని పక్కనున్న మరేదో.

హైదరాబాద్‌లో వాడిన హెచ్61 బోర్డు ఒక షాపులో, మూడో తరం ఐ5 ప్రాసెసర్ ఇంకో షాపులో కొన్నాను. ఇంటికి తెచ్చి బిగిస్తే ఫ్యాన్ తిరుగుతోంది కానీ తెర మీద ఏమీ రావడం లేదు. ఇద్దరూ ‘టెస్ట్ చేసే ఇచ్చాం’ అంటున్నారు. ఎవరిని నమ్మాలి?
– డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, మనూర్

ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. హెచ్61 చిప్‌సెట్ 2011లో ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్లతో పాటు వచ్చింది. మూడో తరం 2012లో వచ్చింది. రెండింటికీ సాకెట్ ఒకటే, 1155. అందుకే ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది. కానీ బోర్డులో ఉన్న బయోస్ తొలిరోజులదైతే మూడో తరాన్ని గుర్తుపట్టదు. అప్పుడు కనిపించేది సరిగ్గా మీరు రాసిన లక్షణమే: ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది. రెండో తరం ఐ3 గానీ పెంటియం గానీ ఎవరి దగ్గరైనా ఒక గంట అరువు తెచ్చి పెట్టండి. డిస్‌ప్లే వస్తే బయోస్ అప్‌డేట్ చేసి మీ ఐ5 బిగించుకోండి.

ప్రాసెసర్ మీద రాసిన నంబరు కూడా చూడండి. ఐ5లలోనే 3350పీ లాంటి కొన్నింటిలో గ్రాఫిక్స్ ఉండదు. వాటికి విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టాల్సిందే. బోర్డు మీది వీజీఏ పోర్టులో కేబుల్ ఎంతసేపు పెట్టినా బొమ్మ రాదు.

ఇవి రెండూ కాకపోతే బోర్డును క్యాబినెట్‌లోంచి తీసి అట్టముక్క మీద పెట్టండి. ఈ పని ఎందుకో చెబుతాను. క్యాబినెట్ లోపల బోర్డు కింద ఇత్తడి స్టడ్లు ఉంటాయి. పాత బోర్డుకు సరిపోయిన స్టడ్డు కొత్త బోర్డులో రంధ్రం లేని చోట పడితే, వెనక టంకానికి తగిలి షార్ట్ అవుతుంది. ఆ ఒక్క స్టడ్డు తీసేస్తే లేచి కూర్చున్న బోర్డులు ఉన్నాయి.

అట్ట మీద ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఎస్‌ఎంపీఎస్, ఒక చిన్న స్పీకర్ మాత్రమే ఉంచండి. ర్యామ్ కూడా తీసేయండి. 24 పిన్నుల కనెక్టరుతో పాటు ప్రాసెసర్ పక్కనుండే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ కూడా పెట్టారా చూసుకుని ఆన్ చేయండి. స్పీకర్ బీప్ బీప్ అని అరిచిందా, సంతోషించండి. ప్రాసెసర్ నడుస్తోంది, బయోస్ చదువుతోంది, ‘ర్యామ్ లేదు’ అని చెప్పగలుగుతోంది. అంటే బోర్డుకు ప్రాణం ఉంది. ఇక ర్యామ్ బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొట్టు దులిపి, స్లాటును మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, ఒక్కో స్లాటులో ఒక్కో ర్యామే పెట్టి చూడండి.

ఏ శబ్దమూ రాకపోతే ప్రాసెసర్ తీసి సాకెట్ చూడండి. 1155లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డుకే ఉంటాయి. సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి వాలుగా వేయండి. నాటు పెట్టిన పొలంలో సాళ్లలాగా అన్ని వరసలూ ఒకేలా మెరవాలి. ఒక్కచోట మెరుపు పక్కకు తిరిగిందంటే ఆ పిన్ను వంగిందని అర్థం. బస్సు ప్రయాణంలో సాకెట్ మీద ప్లాస్టిక్ మూత లేకపోతే జరిగేది ఇదే. సన్నని సూదితో, ఊపిరి బిగబట్టి, ఒక్కో పిన్నునూ వెనక్కి తేవచ్చు. విరిగితే మాత్రం సాకెట్ మార్చడం మన ఊళ్లో అయ్యే పని కాదు.

పొద్దున ఆన్ చేస్తే తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఏవీ తెరుచుకోవు. వైరస్ అని చెప్పి రెండుసార్లు విండోస్ వేయించారు.
– ఆన్‌లైన్ సర్వీసుల షాపు, నారాయణఖేడ్

వైరస్ కాదు, సెల్లు. బోర్డు మీద బిళ్లలాంటి సీఆర్2032 సెల్లు ఉంటుంది. అది 3 వోల్టులది. మీటర్ పెట్టి చూస్తే 2.7 కన్నా తక్కువ వస్తే మార్చేయండి. తేదీ తప్పయితే బ్రౌజర్ వెబ్‌సైట్ల భద్రతా పత్రాలను చెల్లనివిగా లెక్కగట్టి తలుపు మూసేస్తుంది. కొత్త సెల్లు వేశాక కూడా నెల తిరగకుండా అయిపోతుంటే, బోర్డులో ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట. అప్పుడు మళ్లీ రాయండి.

సీపీయూ డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటుంది. ఈ ఏడాది తొలి వానలకు దగ్గరలో పిడుగు పడ్డాక బోర్డు అసలు ఆన్ కావడం లేదు. కొత్త బోర్డు కొంటే అది కూడా పోతుందా?
– కిరాణా, జిరాక్స్ షాపు, బోరంచ

పోతుంది. మీ షాపులో ఎర్తింగ్ లేదు. ఆ జిల్లుమనడమే దానికి సాక్ష్యం, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు ఇనుప డబ్బాకు కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మొత్తం 230 వోల్టుల్లో సగం దగ్గర, అంటే 115 వోల్టుల చుట్టూ తేలుతూ ఉంటుంది. కరెంటు ఒక మిల్లీయాంపుకన్నా తక్కువే కాబట్టి మనిషికి జిల్లుమంటుంది, అంతే. కానీ ఆ స్థితిలో ప్రింటర్ కేబులో మానిటర్ కేబులో గుచ్చితే, ఆ తేడా అంతా పోర్టు గుండా దూకుతుంది. యూఎస్‌బీ పోర్టులు ఒక్కొక్కటే చచ్చిపోవడానికి కారణం చాలా షాపుల్లో ఇదే. కేబుళ్లు పెట్టేటప్పుడు రెండు ప్లగ్గులూ గోడలోంచి తీసేయండి.

ముందు ఎర్త్ గొయ్యి తవ్వించండి. కనీసం రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్లు పోస్తూ ఉండాలి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే వేయించి, సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కొలిపించండి. రెండు మూడు వోల్టులు మించకూడదు. కొందరు సాకెట్ లోపలే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. జిల్లుమనడం ఆగిపోతుంది, కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజు ఆ డబ్బా ముట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. చేతులెత్తి చెబుతున్నాను, అలా చేయనివ్వకండి.

ఇప్పుడు మీ పాత బోర్డు సంగతి. పిడుగు కరెంటు తీగ గుండా రావడం కంటే నెట్ కేబుల్ గుండా వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. రాగి ల్యాన్ కేబుల్ అయితే దెబ్బ నేరుగా ల్యాన్ చిప్పు మీద పడుతుంది. అది లోపల షార్ట్ అయి స్టాండ్‌బై వోల్టేజిని కిందికి లాగేస్తే, స్విచ్ నొక్కినా బోర్డు కదలదు. ప్లగ్గు పెట్టి, ఆన్ చేయకుండా, ల్యాన్ పోర్టు వెనకున్న నల్ల చిప్పు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలచగా పూయండి. పక్కన మరో రెండు చోట్ల కూడా పూసి చూడండి. చిప్పు మీదిది ముందుగా ఆరిపోతుంటే అదే వేడెక్కుతోంది. ఆ ఒక్క చిప్పు ఊడదీయిస్తే బోర్డు లేచే అవకాశం ఉంది. నెట్‌కు యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ పెట్టుకుంటే సరిపోతుంది. ఇకమీదట ఉరుములు వినగానే కరెంటు ప్లగ్గుతో పాటు నెట్ కేబుల్ కూడా తీయండి.

నేను రిపేరు నేర్చుకుంటున్నాను. ప్రాసెసర్ పక్కనున్న కాయిల్ మీద మీటర్ పెడితే బీప్ అంటోంది. షార్ట్ అని కస్టమర్‌కు చెప్పేశాను. కరెక్టేనా? ఉబ్బిన కెపాసిటర్లు కూడా రెండు ఉన్నాయి.
– యువ మెకానిక్, కరస్‌గుత్తి

తమ్ముడూ, కస్టమర్‌కు ఫోన్ చేసి ‘ఆగండి’ అని చెప్పు. ఇదే పొరపాటు నేను కూడా మొదట్లో చేశాను. మంచి బోర్డును తుక్కు కింద పంపించాను. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది.

ప్రాసెసర్ ఒక వోల్టు చుట్టూ మాత్రమే తీసుకుంటుంది, కానీ ఆంపియర్లు పదుల్లో లాగుతుంది. అంటే దాని లోపలి నిరోధం సహజంగానే చాలా తక్కువ. ప్రాసెసర్ పెట్టి ఉండగా ఆ కాయిల్ మీద మీటర్ బీప్ అనడంలో వింత లేదు. ప్రాసెసర్ తీసి మళ్లీ కొలువు. అప్పుడు కూడా సున్నాకు దగ్గరగా చూపిస్తే అది నిజమైన షార్ట్.

ఇంకో పరీక్ష. ఆన్ చేయగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతుంటే, ప్రాసెసర్ దగ్గరి 4 లేదా 8 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ తీసేసి ఆన్ చెయ్యి. ఇప్పుడు ఫ్యాన్ ఆగకుండా తిరిగితే తప్పు ఆ వైపు ఉంది. ఎక్కువగా పైవరస మాస్‌ఫెట్లలో ఒకటి కాలి ఉంటుంది. అది మార్చకుండా మంచి ప్రాసెసర్ పెట్టకు. ఒక వోల్టుకు అలవాటుపడినదానికి 12 వోల్టులు తగిలితే అది కూడా పోతుంది.

ఎస్‌ఎంపీఎస్ సంగతి. ఆకుపచ్చ తీగను నల్లదానికి కలిపి ఫ్యాన్ తిరిగిందని బాగుందనుకోకు. బోర్డుకు పెట్టి నడుస్తుండగా కొలువు. పసుపు తీగ 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. ఆఫ్‌లో ఉన్నా ఊదా తీగలో 5 వోల్టులు ఉండాలి. మూత తీసి లోపల కూడా ఒకసారి చూడు, కానీ ప్లగ్గు తీసిన చాలాసేపటికి మాత్రమే, పెద్ద కెపాసిటర్ ముట్టకుండా. మన వైపు బల్లి దూరి చచ్చిన ఎస్‌ఎంపీఎస్‌లు ఎన్నో.

ఉబ్బిన కెపాసిటర్లు మాత్రం మార్చాల్సిందే. 2000 తర్వాతి కొన్నేళ్లలో తయారైన వాటిలో ఎలక్ట్రోలైట్ లోపం వల్ల ప్రపంచమంతటా బోర్డులు పోయాయి. మనకు అదనంగా వేడి ఉంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం తగ్గుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసి ఉన్నది 65 డిగ్రీల దగ్గర 32,000 గంటల వరకు పని చేయాలి. అదే 85 డిగ్రీలైతే 8,000 గంటలే. రేకుల షెడ్డులో, దుమ్ము పట్టిన ఫ్యాన్ కింద ఏం జరుగుతుందో లెక్క వేసుకో. కొత్తది కొనేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే, వోల్టులు అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీలది, తక్కువ ఈఎస్‌ఆర్ రకం అడుగు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మామూలు ఆడియో రకం పెడితే కొన్నాళ్లకే మళ్లీ ఉబ్బుతుంది.

బోర్డును హీట్‌గన్‌తో వేడి చేస్తే బాగవుతుందని వీడియోలో చూశాను.
– డిగ్రీ విద్యార్థి, నారాయణఖేడ్

చేయవద్దు. సీసం లేని టంకం కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. గురి లేకుండా అంత వేడి పెడితే ప్లాస్టిక్ సాకెట్లు వంగుతాయి, కెపాసిటర్లు పేలుతాయి. అంతకన్నా తక్కువ వేడితో లేచిన బోర్డు కొద్దివారాలు నడిచి మళ్లీ పడుకుంటుంది. అలా వేడి చేసి అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి, కొనేటప్పుడు చిప్‌సెట్ చుట్టూ ఫ్లక్స్ జిగురు మరకలు, రంగు మారిన చోట్లు ఉన్నాయేమో చూసుకో.

జీ41 బోర్డుకు 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ పెడితే నడవడం లేదు. అదే ర్యామ్ ఇంకో కంప్యూటర్‌లో నడుస్తోంది.
– ప్రైవేటు స్కూలు కంప్యూటర్ టీచర్, మనూర్

ర్యామ్ మంచిదే, బోర్డూ మంచిదే, జోడీ కుదరలేదు. జీ41 ఒక్కో చిప్పుకు 2 గిగాబిట్ల వరకే చదవగలదు. కాబట్టి 4 జీబీ ర్యామ్‌లో రెండు వైపులా కలిపి 16 చిప్పులు ఉండాలి. మీ దగ్గరున్నది 8 చిప్పులది అయి ఉంటుంది. వేళ్లతో లెక్కపెట్టి 16 ఉన్నదే తెచ్చుకోండి.

నిజంగానే చచ్చిపోయిన బోర్డులను కాల్చి రాగి తీయడం, యాసిడ్‌లో ముంచడం నేను చూశాను. అందులోని సీసం మన భూమిలోకి, బావుల్లోకి పోతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అధీకృత రీసైక్లర్లకే ఇవ్వాలి. హైదరాబాద్ పోయేటప్పుడు నాలుగైదు పోగేసి తీసుకుపోండి.

ఉత్తరం రాసేవాళ్లు బోర్డు మోడల్ నంబరు, ప్రాసెసర్ నంబరు, ర్యామ్ తీసేసినప్పుడు బీప్ వచ్చిందా లేదా, ఊదా తీగలో ఎన్ని వోల్టులు వచ్చాయి, ఈ నాలుగూ తప్పక రాయండి.