పొలములో పాతకాలపు వస్తువులు బయల్పడినచో రైతు చేయవలసినది

ఓరుగల్లు ప్రాంతమున నాగలి కొంచెము లోతుగా దిగినచో పాత ఇటుకయో, చెక్కిన రాయియో తగులుట మన సభ్యులకు క్రొత్త గాదు. అట్టివి దొరకినపుడు రైతు విధి యేమని పలువు రడుగుచున్నందున ఈ మాసము ఆ సంగతి వ్రాయుచున్నాము.

2021 ఏప్రిల్‌లో జనగామ చెంతనున్న పెంబర్తిలో నేల చదును చేయుచుండగా బంగారు, వెండి నగలు గల రాగి పాత్ర బయటపడెను. అధికారులు వచ్చి దానిని స్వాధీనపరచుకొనిరి. లంకెబిందెల కథలు వినుచు పెరిగిన మనకు, దొరకినది దొరకినవానిదే యను భ్రమ సహజమే. చట్ట మట్లు చెప్పదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో, వస్తువేది, విలువ యెంత, ఎచ్చట, ఏ తేదీన దొరకినది అను వివరములతో కలెక్టరుకు వ్రాసి తెలుపవలెను. దాచినవాడు తన వాటా కోల్పోవుటయే గాక, ఒక సంవత్సరము వరకు ఖైదునకు గాని, జుర్మానాకు గాని, రెండింటికి గాని పాత్రుడగును. ఆ చట్టమున వాటాల లెక్కయు గలదు గాని, నైజాము సీమకు నాడది చెల్లినది కాదు. కావున మన జిల్లాలలో వాటా మాట కలెక్టరు నడిగి తెలిసికొనుడు. ఇరుగుపొరుగు మాటలు నమ్మి పంపకములకు దిగవలదు.

బంగారముకన్న రాతిని గూర్చియే మాకు చింత యెక్కువ. నల్లగొండ జిల్లా చందుపట్ల గ్రామమందలి శాసనము వలననే రుద్రమదేవి 1289 నవంబరు నాటికి మరణించినదని తెలిసినది. బయ్యారము చెరువు శాసనము వలన కాకతీయుల తొలి పూర్వుల పేర్లు తెలిసినవి. ఆ రాళ్లను ఎవరైన బావి మెట్లకో, బట్టలుతుకు బండకో వాడుకొనియుండిన, ఆ సంగతులు మనకు దక్కియుండునా? కాబట్టి రాతిపై అక్షరములు కనబడినచో సుత్తి తాకింపరాదు, సున్నము పూయరాదు. పసుపు కుంకుమలు పెట్టి గుడి కట్టుటయు తొందరపాటే.

నూరేండ్లు దాటిన శిల్పములు, నాణెములు మొదలగునవి 1972 చట్టము క్రింద పురావస్తువులు. వానితో వ్యాపారము చేయుటకు లైసెన్సు ఉండవలెను. దేశము దాటించు ప్రయత్నము చేసినవారికి ఆరు మాసములకు తక్కువ గాకుండ మూడేండ్ల వరకు ఖైదు.

భూమి పోవునేమో యను భయమే పలువురి నోరు మూయించుచున్నది. 1958 చట్టము క్రింద రక్షిత స్థలముగా ప్రకటింపబడిన చోట సైతము, అడుగు లోతునకు మించని సేద్యమునకు నిషేధము లేదు. వరి, జొన్న, పెసర సేద్యమున కా లోతు చాలును. మామిడి గోతులకు, బోరుబావికి మాత్రము అనుమతి కావలెను. ఆ చట్టము క్రింద శాఖవారు ప్రవేశించుట వలన గాని, త్రవ్వుట వలన గాని పైరునకో, రాబడికో నష్టము కలిగినచో పరిహార మిచ్చుటయు కేంద్ర ప్రభుత్వపు బాధ్యత.

ఇక చేయవలసిన పని. దుక్కి నాపి, వస్తువు నున్నచోటనే విడువుడు. చింతపండుతో తోమరాదు, కుండను పగులగొట్టి చూడరాదు. చుట్టునున్న మట్టియు పండితులకు సాక్ష్యమే. వాన భయమున్నచో గుడ్డ కప్పి, నలుగురు సాక్షుల నుంచి, తహసీలుదారుకు, కలెక్టరుకు వ్రాతమూలముగ తెలుపుడు. వ్రాయలేనివారు సంఘపు గుమస్తాచేత వ్రాయించుకొనవచ్చును. అర్జీ ప్రతిపై కచేరీ ముద్ర వేయించుకొని, వస్తువు నొప్పగించునపుడు పంచనామా ప్రతి నడిగి తీసికొనుడు.