వెదురు ఆర్గన్ చెప్పిన పాఠం

నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఒక కాలి హార్మోనియం ఉండేది. వానాకాలం వచ్చిందంటే మెట్లు ఇరుక్కుపోయి, ఒకటి నొక్కితే రెండు మోగేవి. పనికిరాని సామాన్ల జాబితా తయారవుతున్నప్పుడు విద్యార్థుల తరఫున సంతకం పెట్టమన్నారు. పెట్టాను. "బాబూ, దానికి జబ్బేం లేదు. చెక్క తడి పట్టింది, అంతే. సంక్రాంతి దాకా ఆగండి" అన్నాడు ముసలి అటెండరు. మేం ఆగలేదు. దసరాకు ముందే అది పాత సామాన్ల బండి ఎక్కింది.

తరువాత ధ్వనిశాస్త్రం చదువుతున్న రోజుల్లో ఫిలిప్పీన్స్‌లోని ఒక వెదురు ఆర్గన్ గురించి తెలిసింది. దాని చరిత్ర చదువుతుంటే ఆ సంతకమే గుర్తుకొచ్చింది. ఆ కథ మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మన చర్చిల్లో ఎక్కువగా కనబడే హార్మోనియం వేరు, పైప్ ఆర్గన్ వేరు. పైప్ ఆర్గన్‌లో తిత్తుల నుంచి వచ్చే గాలి ఒక పెద్ద చెక్కపెట్టెలో నిండి ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ స్వరానికి చెందిన గొట్టం కింద మూత తెరుచుకుని గాలి లోపలికి పోతుంది. గొట్టం పిల్లనగ్రోవిలా పలుకుతుంది. కాని వేళ్లతో మూసే రంధ్రాలు దీనికి ఉండవు. ఒక్కో గొట్టానికి ఒకటే స్వరం. గొట్టం పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. అందుకే ఒక్క వాద్యానికి వందల కొద్దీ గొట్టాలు కావాలి.

మనీలాకు దక్షిణాన ఉన్న లాస్ పిన్యాస్‌కు 1795లో డియెగో సెరా అనే స్పానిష్ మతగురువు వచ్చాడు. అక్కడ చర్చి కట్టిస్తూండగానే, 1816లో ఆర్గన్ పని మొదలుపెట్టాడు. యూరప్‌లో గొట్టాలను సాధారణంగా తగరం, సీసం కలిపిన లోహంతోనో, చెక్కతోనో చేస్తారు. సెరా చుట్టుపక్కల దండిగా దొరికే వెదురును ఎంచుకున్నాడు. వెదురుకు పెద్ద శత్రువు పురుగు. వెదురులోని పిండిపదార్థం కోసం అది లోపలికి తొలుచుకుపోతుంది. అందుకని కోసిన బొంగులను సముద్రపు ఒడ్డున ఇసుకలో పాతిపెట్టించాడట. ఆ పరీక్షకు నిలిచినవే గొట్టాలయ్యాయి.

1821 నాటికి ట్రంపెట్ గొట్టాలు తప్ప మిగతా పని పూర్తయింది. వాటిని మాత్రం లోహంతోనే చేయాలని సెరా నిర్ణయించాడు. 1824లో వాద్యం సంపూర్ణమైంది. మొత్తం గొట్టాలు 1031. వాటిలో 902 వెదురువి, 129 లోహానివి. స్పెయిన్ పద్ధతిలో ట్రంపెట్లు ముందుకు అడ్డంగా పొడుచుకొని ఉంటాయి. పక్షుల కిలకిలకు, డోలు మోతకు కూడా ప్రత్యేక గొట్టాలున్నాయి.

సెరా 1832లో కన్నుమూశాడు. ఆ తరువాతే అసలు కష్టాలు. 1863లోను, 1880లోను లూజాన్ ద్వీపాన్ని పెద్ద భూకంపాలు కుదిపేశాయి. తుపాన్లు కూడా తోడయ్యాయి. చర్చి దెబ్బతింది. గొట్టాలను ఊడదీసి దాచిపెట్టవలసి వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో కొంత బాగుచేశారు గాని, పూర్తి స్వరం రాలేదు.

చివరకు 1973లో ఆర్గన్‌ను విప్పి ఓడమీద పశ్చిమ జర్మనీకి, బాన్ నగరంలోని క్లైస్ సంస్థకు పంపారు. ఇక్కడొక చిక్కుంది. ఉక్కపోతలో పుట్టి పెరిగిన వెదురు చలిదేశపు పొడిగాలిలో ఎండి పగలవచ్చు. అందుకని వాళ్లు ఒక గదిలో ఫిలిప్పీన్స్‌లోని వేడినీ తేమనీ కల్పించి, అందులో పని చేశారు.

శ్రుతి విషయంలోనూ వేడి సంగతి మరవకూడదు. ఒక్కో సెంటీగ్రేడ్ డిగ్రీకి గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే పిల్లనగ్రోవి తరహా గొట్టాల శ్రుతి అరస్వరంలో దాదాపు మూడోవంతు పైకి పోతుంది. ట్రంపెట్ గొట్టాల్లో పలికేది ఇత్తడి నాలుక కాబట్టి అవి అంతగా కదలవు. ఫలితం, రెండు రకాలకూ పొత్తు కుదరదు. అంటే ఏ ఊళ్లో మోగాలో ఆ ఊరి గాలినిబట్టే శ్రుతి చేయాలన్నమాట. మా అటెండరు చెప్పిందీ ఇంచుమించు ఇదే కదా!

బాన్‌లో ఇంకొక ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. ఎలాగూ విప్పాం, ఇంకో మెట్ల వరుస చేర్చి ఆధునికం చేస్తే పోలా? వాళ్లు ఆ పని చేయలేదు. సెరా పెట్టిన ఒకే మెట్ల వరుసను అలాగే ఉంచారు. పాతవాటిలో నిలిచేవాటిని నిలిపారు. చెడినదాన్ని మార్చడం మరమ్మతు. బాగున్నదాన్ని మార్చడం మన అహంకారం. 1975 మే 9న ఆర్గన్ సొంత ఊళ్లో మళ్లీ మోగింది. మరుసటి ఏడాది నుంచి దాని పేరనే అంతర్జాతీయ సంగీతోత్సవం మొదలైంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది దీని తరువాతి ఘట్టం. 1994లో లాస్ పిన్యాస్‌లోనే ఆర్గన్లు చేసే ఒక సంస్థ పుట్టింది. దానికి డియెగో సెరా పేరే పెట్టుకున్నారు. విదేశాల్లో పని నేర్చుకొచ్చిన స్థానికులే దాన్ని ప్రారంభించారు. 2003లో ఆ ఆర్గన్‌ను జాతీయ సాంస్కృతిక నిధిగా ప్రకటించారు. 2003-04లో మళ్లీ పెద్ద మరమ్మతు అవసరమైనప్పుడు ఓడ ఎక్కించవలసిన పని లేకపోయింది. ఆ ఊరివాళ్లే చేశారు. మొదటిసారి వాద్యం బాగుపడింది. రెండోసారికి విద్య ఇంటికొచ్చింది.

మన ప్రయోగశాలల్లో, సంగీతపు గదుల్లో, గ్రంథాలయాల్లో మూలన పడిన వస్తువులెన్నో ఉన్నాయి. అన్నీ దాచుకోలేం, నిజమే. కాని పారేసే కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ వస్తువుకు వచ్చిన జబ్బేమిటో తెలిసినవాణ్ణి ఒక్కమాట అడుగుదాం. తెలిసినవాడు ఒక్కోసారి గది బయట స్టూలు మీదే కూర్చుని ఉంటాడు. ఆనాడు నేను ఆయన మాట విన్నాను గాని, లెక్కచేయలేదు.