చాకులాంటి పిల్లగాడు, అరిగిన కత్తి

"వాడు చాకులాంటోడు రా" అని మనం రోజుకోసారైనా అంటాం. ఆఫర్ లెటర్ వచ్చినోడు చాకు, కోడింగ్ కాంటెస్ట్‌లో ర్యాంక్ కొట్టినోడు చాకు, వైవాలో ఎక్స్‌టర్నల్‌కే ఎదురు ప్రశ్న వేసినోడు చాకు. అసలు చాకు అంటే ఏంటని మన క్లాసులో అడిగితే సగం మంది కూరగాయలు కోసేది అన్నారు. తప్పేం కాదు. కానీ ఆ మాట నాకు మొదట వినిపించింది మడిచి జేబులో పెట్టుకునే చిన్న కత్తికి. మాట కూడా మనది కాదు. ఉర్దూలో చాకూ, దానికంటే ముందు పర్షియన్‌లో ఉంది, అక్కడికి తుర్కీ భాషల నుంచి వచ్చిందని చెప్తారు. అంత దూరం నుంచి వచ్చిన మాట మన దగ్గర తెలివైన పిల్లగాడికి పోలిక అయిపోయింది.

నేను రాయాలనుకున్నది ఆ పోలికను తిరగేసి చూడటం గురించి. చాకులాంటి పిల్లగాడికి నిజంగానే ఒక కత్తి ఇవ్వాల్సి వస్తే ఏ కత్తి ఇస్తారు? షాపులోది కాదు, ఒక పెద్దమనిషి ఏళ్లపాటు వాడి అరగదీసిన కత్తి. అతనికి ఇవ్వొచ్చు అని ఎలా తేలుస్తారు?

బయటి దేశాల్లో దీనికి పద్ధతులున్నాయి. ఫిన్లాండ్‌లో పుక్కో అనే చిన్న ఒరకత్తిని బహుమతిగా ఇవ్వడం పాత ఆచారం. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో మొదలుపెట్టిన కత్తుల దుకాణమే తర్వాత విక్టోరినాక్స్ అయింది. ఆ ఎర్ర పిడి మడతచాకు ఇప్పుడు ఎన్ని దేశాల పిల్లల జేబుల్లో ఉందో. ఇంగ్లీషు వాళ్లకు కత్తి ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందని ఒక నమ్మకం, అందుకని తీసుకున్నవాడు ఒక పెన్నీ చేతిలో పెడతాడు. కొన్నట్టు లెక్క. మన దగ్గర ఉప్పు, మిరపకాయలు చేతికి చేయి ఇయ్యొద్దంటారు కదా, ఇదీ ఆ జాతి నమ్మకమే అనిపించింది.

వీటన్నిట్లో నాకు బాగా నచ్చింది అమెరికా స్కౌట్ల పద్ధతి. అక్కడ పిల్లాడు కత్తి దగ్గర పెట్టుకోవాలంటే ముందు దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా నూరాలో నేర్చుకుని చూపించాలి. అప్పుడు ఒక కార్డు ఇస్తారు. దాని పేరు టోటిన్ చిప్. కత్తితో జాగ్రత్త తప్పితే కార్డు మూల ఒకటి కత్తిరిస్తారు. నాలుగు మూలలూ పోతే కత్తి హక్కు పోయినట్టే. అంటే అర్హత అనేది ఒక్కసారి పాసయ్యే పరీక్ష కాదన్నమాట, తర్వాత కూడా నిలబెట్టుకోవాలి.

మన సినిమాలు మాత్రం చాకుకి చాలా అన్యాయం చేశాయి. టక్కున తెరుచుకునే రాంపురీ విలన్ చేతిలో తప్ప కనపడదు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ ఊరు పేరు మీదనే ఆ కత్తికి పేరు వచ్చింది. 2023లో ఆ ఊరి కూడలిలో దాదాపు 20 అడుగుల రాంపురీ కత్తి బొమ్మ నిలబెట్టారు. వాళ్లకది చేతిపని, మనకేమో రౌడీ గుర్తు. చట్టం దగ్గర ఈ గందరగోళం తక్కువే. రేకు 9 అంగుళాల కంటే పొడుగో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉంటే ఆయుధాల నిబంధనల కిందకి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకి చేసిన పనిముట్లను పక్కన పెట్టింది. పనిముట్టు వేరు, ఆయుధం వేరు అని చట్టానికి తెలుసు. ఇంకా హాస్టల్ వాచ్‌మన్లకే తెలియాలి.

సరే, మన జిల్లాకి వద్దాం. నల్లగొండలో, పాలమూరులో వాడిన కత్తి పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్లకు చేరడం ఎక్కడ చూడొచ్చంటే నాకు ముందు గుర్తొచ్చేది తాటిచెట్టు. మా తాత నకిరేకల్ దగ్గర ఊళ్లో గీత కార్మికుడు. ఆయన కత్తి మడత చాకు కాదు, జేబులో పట్టదు. నడుముకు కట్టుకునే ముస్తాదులో ఉంటుంది. కానీ నేను పైన అడిగిన ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఆ కత్తి దగ్గరే ఉంది.

ముందు మాట చూడండి. గీత. అందరికీ తెలిసిన అర్థం లైను. గడ్డం గీసుకోవడంలో ఉన్నదీ అదే గీయడం. చెట్టు గీయడం కూడా అదే. తాటిచెట్టు నుంచి కల్లు తీయాలంటే ఎక్కడో గట్టిగా నరకరు. పూత వచ్చే గెల కొసను పల్చగా, గడ్డం గీసినట్టే, ఒక పొర తీస్తారు. ఆ కోత నుంచి కల్లు చుక్కచుక్కగా లొట్టిలో పడుతుంది. కొన్ని గంటలకు ఆ కోత ఎండి మూసుకుపోతుంది, అందుకే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి మళ్లీ ఒక పొర తీయాలి. లెక్క ఇక్కడే ఉంది. పొర మందంగా తీస్తే గెల సీజన్ అయిపోకముందే అయిపోతుంది. కత్తి మొద్దుగా ఉంటే కోత తెగదు, నలుగుతుంది, నలిగితే కల్లు సరిగ్గా రాదు. ఈతచెట్టుకైతే ఇంకా జాగ్రత్త కావాలి, గీసేది గెలను కాదు చెట్టునే కాబట్టి. లోతుగా పోతే చెట్టే చచ్చిపోతుంది. అంటే ఒక చెట్టు ఎన్నేళ్లు బతుకుతుంది, ఒక ఇల్లు ఎన్ని రోజులు తింటుంది అన్నది ఆ పొర మందం మీద ఆధారపడి ఉంది. మిల్లీమీటర్ కంటే తక్కువ. మనం ఆప్టిమైజేషన్ అని సెమిస్టర్ మొత్తం చదివేది ఇదే కదా అనిపించింది నాకు.

మా చిన్నాయన కొడుకు నాకంటే ఏడాది చిన్న. ఇంటర్ తర్వాత చదవలేదు, చెట్టు ఎక్కుతా అన్నాడు. తాత వెంటనే సరే అనలేదు. మొదట తాటి మట్టలు తెచ్చి కింద పడేసి, ఒక పాత కత్తి చేతికిచ్చి, "గీయి" అన్నాడు. నెల రోజులు నేల మీదనే. తీసిన పొరను ఎండకు పెట్టి చూసేవాడు. అవతలి వెలుతురు కనపడాలె అనేవాడు. తర్వాత నూరడం. చెక్క మీద మెత్తటి రాతి పొడి చల్లి, రేకును దాని మీద పొడుగునా గుంజుతారు. ఆ చప్పుడు వింటేనే సరిగా నూరుతున్నాడా లేదా తాతకు తెలిసేది, ఇంట్లో మంచం మీద పడుకునే "ఒక్కదిక్కే నూరుతున్నవు" అని కేకేసేవాడు. ఆ తర్వాత పొట్టి ఈతచెట్లు. తాటిచెట్టు అన్నిటికంటే చివర.

ఇక్కడ ఇంకో మాట దగ్గర ఆగాలి. పదును. మనకు తెలిసింది కత్తి పదును. మా ఊళ్లో రైతులు ఈ మాటనే నేలకు వాడతారు. తొలకరి పడ్డాక మట్టిని పిడికిట్లోకి తీసుకుని, "పదునైంది, ఇత్తనం ఎయ్యొచ్చు" అంటారు. అంటే నేల సిద్ధమైంది, తడి సరిపోయింది అని. ఎక్కువ తడిసినా పదును కాదు, పొడిగా ఉన్నా కాదు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ రెండో అర్థం డిగ్రీకి వచ్చేదాకా తెలియదు. తెలిశాక తాత ఏం చూస్తున్నాడో అర్థమైంది. తమ్ముడిలో ఆయన చూసింది షార్ప్‌నెస్ కాదు, రెండో పదును. చురుకైన వాళ్లు మా ఇంట్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు ఇవ్వలేదు. నాకూ ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే సరైనది, నాకిస్తే హైదరాబాద్ రూములో గోడకు తగిలించేవాణ్ని.

తాత కత్తి గురించి రెండు మాటలు. ఊరి కమ్మరి లారీ కమాన్ పట్టా ముక్కతో చేసిందట. కమాన్ పట్టా ఉక్కు బరువుకు వంగి మళ్లీ లేచే రకం, అందుకే ఊళ్లల్లో కత్తులకు, కొడవళ్లకు అదంటే ఇష్టం. నూరి నూరి రేకు ఇప్పుడు మధ్యలో లోపలికి వంకీ తిరిగింది. ఆ వంకీ తాత చేయి కదిలే తీరు. ఎక్కడ ఎక్కువ పని చేస్తే అక్కడ ఎక్కువ అరిగింది. తమ్ముడు ఎడమచేతి వాటం. ఆ కత్తి అతనికి మొదట్లో అస్సలు కుదరలేదు. కొత్తది చేయిస్తే పోయేది కదా అని నేను అడిగాను. "కొత్తదానికి తప్పు చేసినా తెల్వది. ఇది చెప్తది. నీ చేతికి నువ్వే అరగదీసుకో" అన్నాడు తాత, నాకు కాదు, తమ్ముడి వైపు చూస్తూ.

ఇదంతా అందంగా ఉంది కదా. కానీ మా చిన్నమ్మకు అందంగా లేదు. ఎందుకంటే చిన్నాయన ఆరేళ్ల కింద చెట్టు మీంచి పడ్డాడు. బతికాడు, నడుము మాత్రం పోయింది, ఇప్పుడు కిరాణా కొట్టులో కూర్చుంటాడు. నలభై యాభై అడుగుల చెట్టు, ఒంటి మీద ఆధారం మోకు ఒక్కటే. మన జిల్లాల్లో గీత కార్మికుల ఇళ్లల్లో ఇలాంటి కథ ఒకటి లేని వాడకట్టు దొరకడం కష్టం. "మామా, కత్తి ఇచ్చుడంటే చెట్టు ఇచ్చుడే. చెట్టు ఇచ్చుడంటే పడుడు కూడ ఇచ్చుడే" అని చిన్నమ్మ తాతతో అన్నది. దీనికి తాత దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. బహుమతి ఇచ్చేటప్పుడు తీసుకునేవాడి అర్హత గురించి అందరం మాట్లాడతాం. మనం ఇచ్చేది అతనికి ఇవ్వదగిందేనా అని చిన్నమ్మ ఒక్కతే అడిగింది.

ఈ ప్రశ్న ఆమెకు ముందు కూడా ఉంది, వేరే రూపంలో. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీ చేశారని, ఫ్లోరైడ్ నీళ్ల సమస్య దేశానికి తెలియాలని అంతమంది నామినేషన్ వేశారని, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయిందని క్విజ్‌లలో చదివాం. గెలిచిందెవరో మాత్రం ఏ క్విజ్‌లోనూ అడగలేదు. బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేట మనిషి, కమ్యూనిస్టు, గీత కార్మికుల సంఘాలు కట్టిన నాయకుడు. 1991లోనూ నల్లగొండ నుంచి ఆయనే గెలిచారు. గీసేవాడు ఒకడు, చెట్టు మీద హక్కు ఇంకొకడిది అయితే కత్తికి విలువ లేదు. సొసైటీలు, 'ట్రీ ఫర్ ట్యాపర్' లైసెన్సులు ఆ గొడవ నుంచే అర్థం చేసుకోవాలి. చెట్టు గీసేవాడి పేరు మీద ఉండాలి.

పడటం గురించి మాత్రం ఈ మధ్యే ఏదో కదిలింది. 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం అనే కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కాటమయ్య గౌడన్నలు చెట్టు ఎక్కే ముందు మొక్కే దేవుడు. కిట్‌లో నడుముకు, తొడలకు పట్టే బెల్టులు, తాళ్లు ఉంటాయి, కాలు జారితే మనిషి చెట్టుకే ఆగుతాడు. పెద్దవాళ్లు కొందరు "ఇది కట్టుకుని ఎక్కితే ఆలస్యమైతది" అంటున్నారు. నాకైతే ఆలస్యమైనా ఫర్వాలేదు. చిన్నమ్మ పెట్టిన షరతు కూడా అదొక్కటే: బెల్టు లేకుండా ఎక్కితే కత్తి వాపస్. టోటిన్ చిప్ గురించి ఆమెకు తెలియదు. మూల కత్తిరించడం మాత్రం ఆమెకు తెలుసు.

ఇక ఇవ్వడం ఎలా జరిగిందో చెప్తాను, ఎందుకంటే మీలో ఎవరికైనా అలా ఇచ్చే రోజు రావచ్చు, మడతచాకే కావచ్చు. దసరా రోజు పనిముట్లకు పూజ చేశాక ఇచ్చాడు. నేననుకున్నాను, బాగా నూరి, తళతళ మెరిపించి ఇస్తాడని. తాత ముందు రోజే రేకు అంచును బండ మీద రుద్ది మొద్దు చేశాడు. "పదును వాడు పెట్టుకోవాలె" అన్నాడు. కత్తితో పాటు నూరే చెక్క, రాతి పొడి డబ్బా కూడా ఇచ్చాడు. పిడి మార్చలేదు, తన చేతి చెమటకు నల్లబడిన పిడి అలాగే ఉంది. రేకు తన వైపు పెట్టుకుని, పిడి తమ్ముడి వైపు చాపి, "దొరికిందా?" అన్నాడు. "దొరికింది తాతా" అనేదాకా వదలలేదు. స్కౌట్లకు కూడా ఇదే నేర్పుతారు, తీసుకున్నవాడు థ్యాంక్యూ అన్నాకే ఇచ్చినవాడు చేయి వదలాలి. నెట్‌వర్క్స్ చదివిన వాళ్లకు ఇది హ్యాండ్‌షేక్ అని వేరే చెప్పనక్కర్లేదు. అక్నాలెడ్జ్‌మెంట్ రాకుండా కనెక్షన్ లేదు. నానమ్మ మాత్రం పట్టుబట్టి తమ్ముడితో తాత చేతిలో ఒక రూపాయి బిళ్ళ పెట్టించింది. ఇంగ్లీషు వాళ్ల పెన్నీ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో!

ఇప్పుడు తమ్ముడు పన్నెండు చెట్లు గీస్తున్నాడు. పొర ఇంకా మందంగానే వస్తోందని తాత కంప్లెయింట్. దసరా రోజు చిన్నమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నా పాత జీన్స్ ప్యాంటు అడిగి తీసుకుని, కాలు కోసి, కత్తికి ఒర కుట్టింది. లోపల రెండు పొరలు వేసింది, ఎక్కేటప్పుడు మొన తొడకు తగలకుండా.