నోట్లో తెల్లపూత

నోరు మండితే మనం "వేడి చేసింది" అంటాం. మజ్జిగ తాగి ఊరుకుంటాం. కానీ ప్రతిసారీ అది వేడి కాదు. మరి ఏమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కంకిపాడు పక్కన ఒక పల్లె అనుకోండి. ఆ పల్లెలో ఒక ఇల్లు. ఇంట్లో అత్తయ్య, కోడలు, రెండు నెలల పాప ఉన్నారు. పాప రెండు రోజులుగా పాలు సరిగా తాగటం లేదు. రొమ్ము పట్టినట్టే పట్టి వదిలేస్తోంది. ఏడుస్తోంది.

కోడలు పాప నోరు తెరిచి చూసింది. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా ఉంది. పెరుగు తరకలు అంటుకున్నట్టుంది.

"పాలు అంటుకున్నాయిలే అమ్మాయ్" అంది అత్తయ్య.

కోడలు చేతులు కడుక్కుంది. మెత్తని తడిగుడ్డతో మెల్లగా తుడిచింది. పాలైతే వెంటనే పోతాయి. ఇది పోలేదు. ఒక్కచోట కాస్త ఊడింది. దాని కింద ఎర్రగా కనిపించింది. ఇంక తుడవటం ఆపేసింది.

"అయితే నోటిపూతే. వెలిగారం పొంగించి, తేనెలో కలిపి రాద్దాం. మీ ఆయనకు చిన్నప్పుడు అదే రాశాను" అంది అత్తయ్య.

"ఒక్కసారి డాక్టరమ్మకు చూపిద్దాం అత్తయ్యా. మీరూ రండి" అంది కోడలు.

ఇద్దరూ పాపను ఎత్తుకుని ఆటో ఎక్కారు. బందరు రోడ్డు మీద కంకిపాడు చేరారు. ఆసుపత్రికి వెళ్లారు.

డాక్టరమ్మ చెప్పిన మాట

డాక్టరమ్మ పాప నోరు చూసింది. "భయం లేదు. ఇది బూజు జాతి పూత. పసిపిల్లలకు తరచుగా వస్తుంది" అంది.

"నోట్లో బూజు ఏమిటమ్మా!" అని అత్తయ్య ఆశ్చర్యపోయింది.

"మీరు ఆవకాయ పెడతారు కదా. పైన నూనె తేలినంత కాలం జాడీకి బూజు రాదు. నూనె తగ్గితే, తడి గరిటె పెడితే బూజు పడుతుంది. నోరు కూడా అంతే. క్యాండిడా అనే సూక్ష్మజీవి చాలామంది నోళ్లలో ఉంటుంది. ఒంట్లో కాపు గట్టిగా ఉంటే అది అణిగి ఉంటుంది. కాపు తగ్గితే పెరుగుతుంది. పసిబిడ్డకు ఆ కాపు ఇంకా గట్టిపడలేదు" అని డాక్టరమ్మ వివరించింది.

వెలిగారం రాయవద్దని చెప్పింది. అది పసిబిడ్డ కడుపులోకి పోతే విషం అవుతుంది. ఫిట్స్ కూడా రావచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలే పెట్టకూడదు. దానివల్ల అరుదుగానైనా ప్రాణం మీదికి వచ్చే జబ్బు రావచ్చు.

పాప నోట్లో వేయటానికి మందు రాసిచ్చింది. పాలు తాగాక వేయమంది. మచ్చలు పోగానే మందు ఆపవద్దంది. చెప్పినన్ని రోజులూ వాడాలి. లేకపోతే పూత మళ్లీ వస్తుంది.

"నా పాలు ఇవ్వచ్చా అండీ?" అని కోడలు అడిగింది.

"తప్పకుండా ఇవ్వాలి. నీ చనుమొనలు ఎర్రబడినా, మంట పుట్టినా చెప్పు. అప్పుడు తల్లికీ బిడ్డకీ కలిపి మందు వాడాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి అంటుతూనే ఉంటుంది."

అత్తయ్య సంగతి

అత్తయ్య లేవబోయి ఆగింది. "అమ్మా, నాకూ మూడు నెలల నుంచి నోరు మండుతోంది. కారం తినలేకపోతున్నా. వేడి అనుకున్నా" అంది.

డాక్టరమ్మ ఆమె నోరు చూసింది. అక్కడా అదే తెల్లపూత.

"మామ్మగారూ, దాహం ఎక్కువగా వేస్తోందా? రాత్రిళ్లు ఒంటికి ఎక్కువసార్లు లేస్తున్నారా?"

"అవునమ్మా. మీకెలా తెలిసింది?"

రక్తం పరీక్ష చేశారు. షుగరు చాలా ఎక్కువగా ఉంది. ఆ సంగతి అత్తయ్యకు అంతవరకూ తెలియదు. నోటిలోని పూతే దాన్ని బయటపెట్టింది. నోటికి మందు ఇచ్చారు. షుగరుకు వైద్యం మొదలుపెట్టారు. షుగరు అదుపులోకి రాకపోతే పూత మళ్లీ మళ్లీ వస్తుందని చెప్పారు.

పసిబిడ్డకు ఈ పూత మామూలే. పెద్దవాళ్లకు వస్తే మాత్రం "ఎందుకు వచ్చింది?" అని అడగాలి.

పెద్దవాళ్లకు ఎందుకు వస్తుంది?

షుగరు ఉంటే రావచ్చు. యాంటీబయాటిక్ మందులు ఎక్కువ రోజులు వాడితే రావచ్చు. ఆయాసానికి పంపుతో మందు పీల్చేవాళ్లకు రావచ్చు. వాళ్లు పీల్చిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి. కట్టుడు పళ్లు రాత్రి తీయకుండా పడుకునేవాళ్లకు రావచ్చు. వాళ్లు పళ్లు తీసి, కడిగి, పడుకోవాలి. క్యాన్సరు వైద్యం జరుగుతున్నవాళ్లకు రావచ్చు.

హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లకు కూడా వస్తుంది. డాక్టరు పరీక్ష చేయించుకోమంటే సిగ్గుపడవద్దు. ప్రభుత్వం 2004 నుంచి హెచ్.ఐ.వి. మందులు ఉచితంగా ఇస్తోంది. మందులు వాడుతూ ఎంతోమంది పిల్లలతో హాయిగా బతుకుతున్నారు.

ఇంకో మాట. తుడిచినా పోని తెల్లమచ్చ ఉందా? రెండు వారాలైనా మానని పుండు ఉందా? చుట్ట, జర్దా కిళ్లీ, గుట్కా అలవాటు ఉంటే మరీ జాగ్రత్త. అది క్యాన్సరుకు మొదలు కావచ్చు. వెంటనే చూపించుకోవాలి.

ఇద్దరు ఆడవాళ్లు కనిపెట్టిన మందు

ఈ పూతకు వాడే ఒక మందు పేరు నిస్టాటిన్. దాన్ని కనిపెట్టింది ఇద్దరు ఆడవాళ్లు. అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనేవారు. ఇద్దరూ వేరువేరు ఊళ్లలో పనిచేసేవారు. హేజెన్ మట్టిలోని సూక్ష్మజీవులను పెంచి, సీసాల్లో పెట్టి పోస్టులో పంపేది. బ్రౌన్ వాటి నుంచి మందు తీసి తిరిగి పంపేది. అలా ఎన్నో మట్టి నమూనాలు చూశారు. చివరికి ఒక పొలం మట్టిలో ఈ మందు దొరికింది. 1950లో లోకానికి చెప్పారు. దాని మీద వచ్చిన సొమ్మును తాము దాచుకోలేదు. సైన్సు పనులకు ఇచ్చేశారు.

ఇవి గుర్తుంచుకోండి

1. తెల్లపూతను గోకవద్దు. గట్టిగా రుద్దవద్దు.
2. పసిబిడ్డ నోట్లో వెలిగారం, తేనె రాయవద్దు.
3. తల్లిపాలు ఆపవద్దు.
4. పోతపాలు తప్పనిసరి అయితే సీసా వద్దు. మరగబెట్టిన ఉగ్గుగిన్నె వాడండి.
5. మందు సీసా మీద గడువు తేదీ చదవండి. ఇప్పుడు మీకు చదవటం వచ్చు కదా!
6. పెద్దవాళ్లకు పూత వస్తే షుగరు పరీక్ష గురించి డాక్టరును అడగండి.

మాట్లాడుకోండి

మీ ఇంట్లో నోరు పూస్తే ఏం చేస్తారు? అందులో ఏది మంచిది? ఏది మానాలి? మీ ఇంట్లో పెద్దవాళ్లు షుగరు పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది? ఈ రోజే అడిగి, మీ పుస్తకంలో రాసుకోండి.