వెండితెర భారతం

ప్రవేశిక

కావ్యం చదువరుల కోసం, నాటకం ప్రేక్షకుల కోసం పుట్టినవి. చలనచిత్రం ఇరువురినీ చేరదీసింది. అక్షరజ్ఞానం లేనివారికి సైతం ఇతిహాస కథలను, ప్రౌఢమైన తెలుగు నుడికారాన్ని చేరవేసింది. విడుదలైన చిత్రాలు వేలల్లో ఉన్నా తరతరాలుగా ప్రజల అభిమానాన్ని చూరగొన్నవి కొన్నే. వాటి ఆదరణకు కారణాలేమిటో పరిశీలించడం, అభిమానాన్ని వివేచనతో జోడించడం విద్యార్థులకు అలవరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున ఉప్పల్, నాచారం ప్రాంతాలున్నాయి. ఉప్పల్ అనగానే క్రికెట్ క్రీడాప్రాంగణం, నాచారం అనగానే పారిశ్రామికవాడ స్ఫురణకు వస్తాయి. అయితే ఆ కర్మాగారాల నడుమనే ఒకప్పుడు హస్తినాపురం వెలసింది. కౌరవసభ కొలువుతీరింది. 1976లో నందమూరి తారక రామారావు నాచారంలో రామకృష్ణ స్టూడియోను నెలకొల్పారు. ఆ ప్రాంగణంలో రూపుదిద్దుకొన్న ‘దానవీరశూరకర్ణ’ చిత్రం 1977 జనవరి 14న, సంక్రాంతి పర్వదినాన విడుదలైంది.

ఆనాటికి తెలుగు చిత్రపరిశ్రమ చాలావరకు మద్రాసులోనే ఉండేది. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ 1932లో వచ్చింది. దాని చిత్రీకరణ జరిగింది బొంబాయిలో. తెలుగు మాట తెర మీద వినిపించడానికి ముందు బొంబాయిని, ఆ తరువాత మద్రాసును ఆశ్రయించవలసి వచ్చింది. చిత్రనిర్మాణం తెలుగు నేలకు తరలిరావాలనే ఆకాంక్ష క్రమంగా బలపడింది. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను, రామారావు నాచారం స్టూడియోను 1976లోనే ప్రారంభించడం ఆ ఆకాంక్షకు ఫలం. పరభూమిలో మాటలు నేర్చిన తెలుగు చిత్రం సొంతగడ్డ మీద నిలదొక్కుకొన్న కాలమది.

‘దానవీరశూరకర్ణ’కు రామారావే నిర్మాత, దర్శకుడు. కర్ణుడు, దుర్యోధనుడు, శ్రీకృష్ణుడు అనే మూడు పాత్రలను ఆయనే ధరించారు. ఈ ముగ్గురి స్వభావాలు పరస్పర భిన్నమైనవి. అవమానాన్ని దిగమింగుకొనేవాడు కర్ణుడు. అభిమానమే ధనంగా భావించేవాడు సుయోధనుడు. చిరునవ్వుతో చరిత్ర గతిని మలిచేవాడు కృష్ణుడు. ఒకే నటుడు ఈ మూడు స్వభావాలను నడకలోను, చూపులోను, కంఠస్వరంలోను వేరుచేసి చూపడం అసాధారణం. భీమునిగా సత్యనారాయణ, శకునిగా ధూళిపాళ నటించారు. రామారావు కుమారులు హరికృష్ణ అర్జునునిగా, బాలకృష్ణ అభిమన్యునిగా కనిపించారు. నాలుగు గంటలకు పైబడిన నిడివి గల ఈ చిత్రాన్ని 43 రోజులలో పూర్తిచేశారని ప్రసిద్ధి. అదే రోజున కృష్ణ, శోభన్‌బాబు, కృష్ణంరాజు నటించిన ‘కురుక్షేత్రం’ కూడా విడుదలైంది. ఒకే పండుగనాడు రెండు భారతకథలు పోటీపడటం ఆ కథ మీద తెలుగువారికి గల మమకారానికి నిదర్శనం.

ఇంతటి ఆదరణకు నటనాకౌశలం ఒక్కటే కారణం కాదు. ఈ చిత్రానికి సంభాషణలు రచించినవారు కవి, పండితులు కొండవీటి వెంకటకవి. దీర్ఘసమాసాలతో, సంస్కృత పదబంధాలతో సాగే ఆ సంభాషణలు తేలికైనవి కావు. అయినా వాటిని పొలం పనులు చేసుకొనేవారు, రిక్షా తొక్కేవారు సైతం కంఠస్థం చేశారు. క్యాసెట్ల ద్వారా అవి పెళ్ళిపందిళ్ళలోను, జాతరలలోను మారుమ్రోగాయి. ప్రతి పదానికీ అర్థం తెలియకపోయినా భావం అందింది. పదానికి అర్థాన్ని నిఘంటువు ఇస్తుంది, దానికి ప్రాణాన్ని ఉచ్చారణ పోస్తుంది. పద్యనాటకాలు విని పెరిగిన సమాజానికి ఆ ధోరణి చిరపరిచితం. సురభి వంటి నాటక సమాజాలు ఊరూరా వేసిన విత్తనమే వెండితెర మీద ఫలించింది.

చిత్రంలో జనం మరచిపోలేని ఘట్టం కుమారాస్త్రవిద్యా ప్రదర్శన. దీనికి మూలం ఆదిపర్వం. పదకొండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ ఆ కథను తెనిగించాడు. అర్జునునికి దీటుగా విద్య ప్రదర్శించిన కర్ణుడు అతనితో ద్వంద్వయుద్ధం కోరుతాడు. కులగోత్రాలు చెప్పుమని కృపాచార్యుడు అడుగుతాడు. కర్ణుడు తలవంచుకొంటాడు. దుర్యోధనుడు అప్పటికప్పుడే అతనిని అంగరాజ్యానికి అభిషిక్తుని చేస్తాడు. అంతలో కర్ణుని పెంచిన తండ్రి సూతుడు అక్కడికి వస్తాడు. అభిషేకజలంతో తడిసిన శిరస్సును కర్ణుడు ఆ తండ్రి పాదాలకు తాకిస్తాడు. భీముడు అధిక్షేపిస్తాడు. అప్పుడు దుర్యోధనుడు ఏరుల పుట్టుక, శూరుల పుట్టుక తెలుసుకోవడం ఎవరి తరమని ప్రశ్నిస్తాడు. జన్మ కన్న యోగ్యత మిన్న అన్న ఈ వాదం భారతంలో ఉన్నదే. చిత్రం దానిని విస్తరించి, నిండు రంగస్థలానికి తగిన వాగ్ధాటిగా మలిచింది.

ప్రేక్షకుని హృదయం ఇక్కడే కదిలింది. పుట్టుక కారణంగా అవమానానికి గురైనవాడు, పేదరికం వల్ల బడి గడప తొక్కలేనివాడు, ప్రతిభ ఉండీ గుర్తింపు పొందనివాడు కర్ణునిలో తన్ను తాను చూసుకొన్నాడు. నిండుసభలో తన పక్షాన ఒక్కడైనా నిలబడితే బాగుండునన్న కోరిక ప్రతి అవమానితునికీ ఉంటుంది. తెర మీద ఆ కోరిక నెరవేరింది. చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ చూసినవారు చూసినది రాజుల కథను కాదు, తమ కథను.

అయితే విద్యార్థి ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. కర్ణునికి రాజ్యమిచ్చిన దుర్యోధనుడే ద్రౌపదిని నిండుసభకు ఈడ్పించాడు. ఒక సభలో న్యాయం పలికిన నోరే మరొక సభలో అన్యాయాన్ని ఆజ్ఞాపించింది. కర్ణుని ఆదరించినది సమత్వ భావనతోనా, అర్జునుని ఎదిరించగల వీరుడు దొరికాడన్న ఆశతోనా? భారతం ఈ సందేహానికి తావిస్తుంది. వాదం గొప్పదైనంత మాత్రాన వాది గొప్పవాడు కానక్కరలేదు. వాది దోషి అయినంత మాత్రాన వాదం అసత్యమూ కాదు. కర్ణుడు కూడా నిష్కళంకుడు కాడు. ద్యూతసభలో అతడు పలికిన పరుషవాక్యాలు అతని దానగుణంతో తుడిచిపెట్టుకుపోవు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు జన్మరహస్యం చెప్పి రాజ్యమిస్తానన్నా మిత్రుని విడిచిపోని అతని కృతజ్ఞత మాత్రం శత్రువుల చేత సైతం శిరసు వంచి నమస్కరింపజేస్తుంది. చిత్రం అభిమానాన్ని కలిగిస్తుంది, కావ్యం ఆలోచన రేకెత్తిస్తుంది. రెండింటినీ పక్కపక్కన నిలుపుకొన్నవానికే పూర్ణమైన రసానుభూతి.

తెలుగువారి అభిమాన చిత్రాలలో అగ్రగణ్యమైన ‘మాయాబజార్’ది మరొక మార్గం. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రం 1957లో విడుదలైంది. మూలభారతంలో లేని శశిరేఖా పరిణయ కథ దీనికి ఆధారం. భారతకథ అయినా ఇందులో పాండవులు తెర మీద కనిపించనే కనిపించరు. వారి లేమి తెలియకుండా కథను నడపడం రచనాచాతుర్యం. పింగళి నాగేంద్రరావు సృష్టించిన అసమదీయులు, తసమదీయులు వంటి మాటలు నిత్యవ్యవహారంలోకి వచ్చాయి. శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచునిగా సావిత్రి అభినయంలో ఎస్వీ రంగారావు ఠీవి తొంగిచూస్తుంది. మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం వెన్నెలను, మాయను ఒకే నేర్పుతో చిత్రించింది. ఈ చిత్రాన్ని 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేస్తే కొత్త తరమూ ఆదరించింది. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ నిర్వహించిన అభిప్రాయసేకరణలో ఇదే అగ్రస్థానంలో నిలిచింది. ఇందులోని దేవతలు, రాక్షసులు మన ఇంటి పెళ్ళిలోని బంధువులవలె అలుగుతారు, నవ్వుతారు, విందు ఆరగిస్తారు. ఆ ఆత్మీయతే దాని ఆయువుపట్టు.

1980లో వచ్చిన ‘శంకరాభరణం’ది మూడవ మార్గం. కె. విశ్వనాథ్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో కథానాయకుడు వయసు మళ్ళిన సంగీత విద్వాంసుడు. ఆ పాత్రధారి జె.వి. సోమయాజులు రంగస్థలం నుంచి వచ్చినవారు, వెండితెరకు దాదాపు కొత్తవారు. పోరాటాలు లేవు, అట్టహాసం లేదు. శాస్త్రీయ సంగీతం పాతబడిందన్న కాలంలో ఆ సంగీతాన్నే నమ్ముకొన్న చిత్రమిది. చూసినవారు ఇతరులకు చెప్పగా చెప్పగా దాని కీర్తి తెలుగునాటి ఎల్లలు దాటింది. ప్రజల అభిరుచిని తక్కువగా అంచనా వేయరాదని అది నిరూపించింది.

మూడు చిత్రాలు, మూడు మార్గాలు. ఒకటి గాయపడిన ఆత్మగౌరవానికి గొంతునిచ్చింది. ఒకటి ఇతిహాసాన్ని ఇంటింటి ముచ్చటగా మార్చింది. ఒకటి మరుగున పడుతున్న కళకు మన్నన తెచ్చింది. మూడింటికీ మూలధనం తెలుగు భాష, తెలుగువారి సంస్కారం. సాంకేతిక నైపుణ్యం కాలంతోపాటు పాతబడవచ్చు. మనిషి వేదనను, వేడుకను పట్టి చూపిన కళ పాతబడదు. నాచారంలో ఆనాడు కట్టిన హస్తినాపురం చెక్కతో, రంగుతో చేసినది. చిత్రీకరణ ముగియగానే అటువంటి పురాలు కూలిపోతాయి. కులమడిగిన సభలో తలవంచుకొని నిలబడిన యువకుడు మాత్రం ప్రజల మనసులలో నిలబడే ఉన్నాడు. అతని ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత ప్రతి తరానిదీ.

కఠిన పదాలు – అర్థాలు

చూరగొను = పొందు, దక్కించుకొను
దీటు = సాటి, సమానం
సూతుడు = రథసారథి
అధిక్షేపించు = నిందించు, ఎత్తిపొడుచు
వాగ్ధాటి = మాటల ప్రవాహవేగం
పరుషవాక్యాలు = కఠినమైన మాటలు
నిష్కళంకుడు = మచ్చలేనివాడు
మన్నన = గౌరవం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ‘దానవీరశూరకర్ణ’ చిత్రం ప్రజాదరణ పొందడానికి గల కారణాలను వివరించండి.
2. మూడు చిత్రాలు ప్రజల అభిమానాన్ని పొందిన మూడు మార్గాలను సరిపోల్చండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టాన్ని తెలపండి.
2. ‘మాయాబజార్’ చిత్రంలోని ప్రత్యేకతలేవి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. “వాదం గొప్పదైనంత మాత్రాన వాది గొప్పవాడు కానక్కరలేదు.”
2. “పదానికి అర్థాన్ని నిఘంటువు ఇస్తుంది, దానికి ప్రాణాన్ని ఉచ్చారణ పోస్తుంది.”

IV. భాషాకార్యం
మీ ఇంటి పెద్దలకు నచ్చిన ఒక చిత్రాన్ని గురించి వారినడిగి తెలుసుకొని, అది వారికి ఎందుకు నచ్చిందో పది వాక్యాలలో రాయండి.