మందు పెట్టె మీది గీతలు ఏమి చెబుతాయి?

ఈ నెల పాఠం జబ్బు గురించి కాదు, మందు వచ్చే పెట్టె గురించి.

ఆ మధ్య మన ఫార్మసీ కిటికీ దగ్గరకు ఒక పెద్దమ్మ వచ్చారు. ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళ చుట్టూ వాపు. "ఏం మాత్రలు వేసుకున్నారమ్మా?" అని అడిగితే కొంగు ముడి విప్పి చిన్న ముక్క చూపించారు. స్ట్రిప్పు నుండి కత్తిరించిన రెండు మాత్రల ముక్క అది. పేరు సగమే ఉంది. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న భాగం కొట్టులోనే ఉండిపోయింది. బిల్లు లేదు. "మంచి మందేనమ్మా, పెట్టె మీద గీతలున్నాయి, గీతలుంటే అసలుదేనని కొట్టాయన చెప్పాడు" అన్నారామె.

ఈ మాట చాలామంది నోట వింటున్నాము. కాబట్టి ముందు ఆ గీతల సంగతి చూద్దాము.

1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ట్రాయ్ అనే ఊరి సూపర్ మార్కెట్లో, చూయింగ్ గమ్ పాకెట్టు మీది బార్‌కోడ్‌ను బిల్లు కౌంటరులో మొదటిసారి మిషను చదివింది. బిల్లు త్వరగా వేయడానికి, సరుకు లెక్క తప్పకుండా ఉండడానికి పుట్టిన పద్ధతి అది. గీతల కింద సాధారణంగా 13 అంకెలు ఉంటాయి. మొదట 890 ఉంటే మన దేశంలో తయారైనదని, 690 ఉంటే చైనాదని ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. అది సరి కాదు. 890 అంటే ఆ కంపెనీ నంబరును మన దేశపు నమోదు సంస్థ ద్వారా తీసుకున్నదని మాత్రమే అర్థం. సరుకు ఎక్కడ తయారైందో ఆ మూడంకెలు చెప్పవు.

చివరి అంకె లెక్క సరిచూసుకోవడానికి పెట్టినది. ఇంట్లో పిల్లలతో చేయించండి, సరదాగా ఉంటుంది. ఎడమ నుండి మొదటి 12 అంకెల్లో 1, 3, 5 వంటి బేసి స్థానాల్లో ఉన్న అంకెలను కూడాలి. సరి స్థానాల్లో ఉన్నవాటిని కూడి మూడుతో హెచ్చించాలి. రెండూ కలిపి, పై పదుల సంఖ్యకు ఎంత తక్కువైతే అదే 13వ అంకె. ఉదాహరణకు నేను ఊరకే వరుసగా రాసిన 890123456789 తీసుకోండి. బేసి స్థానాలవి 28, సరి స్థానాలవి 34, దాన్ని మూడుతో హెచ్చిస్తే 102. మొత్తం 130. సరిగ్గా పదుల్లోనే ఉంది కనుక చివరి అంకె 0. చూశారా, నేను కల్పించిన నంబరుకు కూడా లెక్క కుదిరింది! మిషను తప్పు చదివితే పట్టుకోవడానికే ఆ అంకె. నకిలీ మనిషిని అది పట్టుకోలేదు.

క్యూఆర్ కోడ్ ఇంతకంటే ఎక్కువ చెబుతుంది. 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఔషధ నిబంధనలను సవరించింది. దాని ప్రకారం 2023 ఆగస్టు 1 నుండి తయారయ్యే 300 బ్రాండ్ల మందులకు బార్‌కోడ్ గాని క్యూఆర్ కోడ్ గాని ఉండాలి. అల్లెగ్రా, ఆగ్మెంటిన్, కాల్‌పాల్, థైరోనార్మ్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. స్కాన్ చేస్తే మందు పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు తెలియాలి. వాటిని స్ట్రిప్పు మీద అచ్చయిన వాటితో పోల్చి చూడండి. ఒక్కటి తేడా వచ్చినా మందు వేసుకోవద్దు. స్కాన్ చేసినప్పుడు డబ్బు కట్టమని గాని ఓటీపీ చెప్పమని గాని అడిగితే వెంటనే ఆపేయండి.

అన్నీ సరిపోతే మందు మంచిదేనా? ఇక్కడే ఇస్సాకు గుర్తుకు వస్తాడు. చూపు మందగించిన ఆ వృద్ధుడికి గొంతు యాకోబుదేనని అనుమానం వచ్చింది. అయినా చేతులకు మేకపిల్లల చర్మం తగిలేసరికి ఏశావని నమ్మాడు. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఖరీదైన క్యాన్సర్ ఇంజెక్షన్ల ఖాళీ సీసాలు కొని, వాటిలో ఫంగస్ మందు నింపి అమ్మారు. సీసా అసలుది, లేబుల్ అసలుది. లోపలిది మాత్రం వేరు.

ఇంకా బాధాకరమైన సంగతి 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడా జిల్లాలో జరిగింది. కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్ తాగి మూత్రపిండాలు పాడై 20 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. అది నకిలీ కాదు. లైసెన్సు ఉన్న కంపెనీ తమిళనాడులో తయారు చేసిన అసలు సిరప్పే. పరీక్ష చేస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్టు తేలింది. అనుమతించే హద్దు 0.1 శాతం. ఏ కోడూ ఆ విషాన్ని చూపించలేదు.

అయితే ఆ సిరప్‌ను ఆపడానికి పనికొచ్చినది సీసా మీది చిన్న అక్షరాలే. ఎస్‌ఆర్-13 అనే బ్యాచ్ నంబరు తెలిసినందువల్ల తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ అదే అక్టోబరులో ఆ నంబరు చెప్పి, ఇంట్లో ఉంటే వాడవద్దని ప్రజలను హెచ్చరించగలిగింది. సీసా లేబుల్ చింపేసిన తల్లికి ఆ హెచ్చరిక వల్ల ఉపయోగమేముంది? (రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు అసలు ఇవ్వకూడదని, ఐదేళ్ళ లోపు వారికి కూడా సాధారణంగా తగదని కేంద్ర ఆరోగ్య శాఖ అదే నెలలో చెప్పింది. తల్లులు గమనించాలి.)

కాబట్టి కొట్టులో సిగ్గుపడకుండా బిల్లు అడగండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు పడిందో లేదో చూడండి. స్ట్రిప్పు కత్తిరించక తప్పకపోతే పేరు, బ్యాచ్, గడువు ఉన్న చివర మీకే ఇమ్మనండి. పొట్లం కట్టి ఇచ్చే విడి మాత్రలు తీసుకోవద్దు. మాత్రలు వాడేటప్పుడు ఆ చివర నుండి కాకుండా రెండో వైపు నుండి తీయండి. మందు అయిపోయేవరకు పెట్టె దాచి, అయిపోయాక లేబుల్ చింపి పారవేయండి. ఖాళీ సీసాలు కొనేవారికి అమ్మవద్దు.

మందు పడలేదనిపిస్తే ఆపి, పెట్టెతో సహా డాక్టరు దగ్గరకు రండి. మందుల దుష్ఫలితాలు తెలపడానికి దేశమంతటికీ ఉచిత నంబరు 1800-180-3024 ఉంది. నకిలీ అనుమానమైతే తెలంగాణలో 1800-599-6969కు, మిగతా చోట్ల జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయవచ్చు.

ఆ పెద్దమ్మకు మాత్రలు ఆపించి వైద్యం చేస్తే ఐదో రోజుకు దద్దుర్లు తగ్గాయి. దేవునికి స్తోత్రం. కానీ ఏ మందు పడలేదో ఇప్పటికీ తెలియదు. ఆమె చీటీలో "పడని మందు" అన్న చోట పేరు రాయలేక ప్రశ్న గుర్తు పెట్టి పంపించాము.