తుప్పు విడిపించు విద్య: పాత బండ్ల పునరుద్ధరణలో జీవిక

యంత్రవిద్య నభ్యసించు యువతీయువకులు వృత్తినిర్ణయ సమయమున కొత్త బండ్ల కంపెనీలవైపే చూచుట సహజమైనను, అర్ధశతాబ్దమునకు పూర్వము తయారై ఏ షెడ్డు మూలనో నిలిచిపోయిన బండిని మరల త్రోవ పట్టించు పునరుద్ధరణ వృత్తి యొకటి కలదనియు, అందు నిలదొక్కుకొనుటకు వలయు నేర్పు ఇంజనుకంటె ముందుగా బండి క్రిందిభాగమున, కదలక పట్టుకుపోయిన కమాను కట్టల పిన్నులయొద్ద పరీక్షింపబడుననియు వారికి చెప్పువారు అరుదు.

1947లో అమెరికాలో వెలువడి 1955 తొలినాళ్ల వరకు తయారైన షెవ్రొలే అడ్వాన్స్ డిజైన్ పికప్పును చూడుడు. దాని ముందరి యిరుసు ఐ ఆకారపు ఉక్కుదూలము. ఆ దూలపు కొనలకు చక్రముల భాగమును సంధించునది కింగ్ పిన్. ఇరుసునకును ఛాసిస్‌కును నడుమ కమాను కట్టలు, వాని కొనల షాకిల్ పిన్నులు. ఏండ్ల తరబడి గ్రీజు ఎండి నీరు చేరినప్పుడు పుట్టు తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించి, పిన్నునకును రంధ్రమునకును నడుమనున్న వెంట్రుకవాసి సందును పూడ్చివేయును. ఆ సందును మరల కల్పించుటయే పనివాని కర్తవ్యము. బలప్రయోగము తరువాతి మాట.

అందులకు మొదటి సాధనము కాలము. తీగబ్రష్షుతో తుప్పు గీకి, తుప్పు వదిలించు నూనె పోసి రాత్రంతయు నానవిడిచి, మరునాడు నట్టు పావు చుట్టు కదలినచో ఆత్రపడి విప్పక మరల బిగించి, మరల వదులుచేసి, ముందునకు వెనుకకు ఆడించుచు మరలలోని పొడిని బయటకు రప్పింపవలెను. రెండవ సాధనము అగ్ని. ఉక్కు ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి పదిలక్షలలో ఇంచుమించు 12 వంతులు వ్యాకోచించును గనుక, 25 మిల్లీమీటర్ల రంధ్రమును చుట్టియున్న లోహమును 200 డిగ్రీల మేర వేడిచేసినచో ఆ రంధ్రము 0.06 మిల్లీమీటరు పెరుగును. పట్టు సడలుటకు తరచు ఈ స్వల్పమే చాలును. అయితే మంటను చుట్టునున్న లోహముమీద త్రిప్పవలెనే గాని పిన్నుమీద నిలుపరాదు, ఏలయన పిన్ను ఉబ్బినచో మొదటికే మోసము. పోసిన నూనె తుడువక మంట వెలిగింపరాదు. షాక్ అబ్సార్బరు చెంత, రబ్బరు బుష్షుల చెంత మంట కూడనే కూడదు. కమాను కట్టకు మంట తగిలి దాని ఉక్కు పదును పోయెనా, ఆ కట్టను మరల బరువునకు నమ్మరాదు.

కింగ్ పిన్ విషయమున బలముకంటె ముందు కన్ను పనిచేయవలెను. దాని కడ్డముగా దూరియున్న చిన్న లాక్ పిన్నును గమనింపక పెద్దసుత్తితో మోదినచో, కింగ్ పిన్ కొన పుట్టగొడుగువలె విచ్చుకొని రంధ్రమున మరింత బిగిసిపోవును. లాక్ పిన్నును, పై క్రింది మూతలను తీసిన పిదప ప్రెస్సుతో నెమ్మదిగా ఒత్తుట శ్రేష్ఠము. సుత్తియే వాడవలసివచ్చినచో నడుమ ఇత్తడి కడ్డీ నుంచవలెను. మనయొద్ద కనబడు పాత విల్లీస్ జీపులలో కొన్ని షాకిళ్లకు ఎడమ మరలుండును; ఆ సంగతి యెరుగనివాడు విప్పుచున్నాననుకొని బిగించుచుండును.

ఇంత చేసినను కదలనిచో కోయవలెను. ఏది కోయవలెనో తెలియుటయే ఈ విద్యకు ప్రాణమని నా అభిప్రాయము. ప్రసిద్ధమైన పాత బండ్లకు పిన్నులు, బుష్షులు నేటికిని కొత్తవి దొరకును. ఆ బండితో పుట్టిన ఇరుసు, ఛాసిస్‌కు రివెట్లతో దిగగొట్టిన హ్యాంగరు అంత సులభముగ దొరకవు. కనుక చవకైన పిన్నును బలియిచ్చి అరుదైన ఇరుసును కాపాడవలెను. మన దేశమున 2021లో వెలువడిన వింటేజి వాహనముల నిబంధనలును ఈ వివేకమునే కోరుచున్నవి: 50 ఏండ్లు దాటిన సొంత ద్విచక్ర వాహనములకు, కార్లకు ‘వీఏ’ అక్షరములతో పదేండ్ల రిజిస్ట్రేషను లభించును గాని, ఛాసిస్‌ను, బాడీని, ఇంజనును మార్చక మూలరూపమున నిలిపియుండవలెను.

ఈ త్రోవ పట్టదలచినవారికి పదవ తరగతి పిదప ఐటీఐలో రెండేండ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు మంచి పునాది. వెల్డింగు తోడైన మరింత మేలు. ఐటీఐ ముగిసిన వెంటనే మెరుగులీను షోరూమునకు పరుగెత్తక, విజయవాడ ఆటోనగరువంటి చోట లారీల కమాను పని చేయు షెడ్డులో ఒక యేడు చేరుడని నేను గట్టిగా చెప్పుదును; బరువు మోసి తుప్పుపట్టిన పిన్నులు అక్కడ దొరకినన్ని వేరొకచోట దొరకవు. విదేశవిద్య స్తోమతు గలవారికి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున మెక్‌ఫెర్సన్ కళాశాల పాత బండ్ల పునరుద్ధరణలో నాలుగేండ్ల పట్టా నిచ్చుచున్నది.

ఎక్కడ నేర్చినను, ప్రతి పనికిని ముందు, నడుమ, తరువాత ఫోటోలు తీసి, ఏ నూనె వాడితిరో, ఎక్కడ వేడిచేసితిరో, ఏ భాగము నెందులకు కోసితిరో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఇంటర్వ్యూకు పోవునాడు మార్కుల పట్టికతోబాటు ఆ పుస్తకమును, వీలైనచో కోసి తీసిన ఒక పిన్నును, వెంట తీసికొనిపొండు.